మా అమ్మాయి రాసిన రాప్ పాట: ఉగాదికి పాడనివ్వాలా, వద్దా?

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
మా అమ్మాయి పీయూసీ (ఇంటర్) మొదటి సంవత్సరం. ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. మేం ఉండేది బెంగళూరులో. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు అరవై దాకా ఉంటాయి. ప్రతి ఉగాదికీ క్లబ్‌హౌస్‌లో కార్యక్రమం పెట్టుకుంటాం. పంచాంగ శ్రవణం అయ్యాక మా పిల్ల ఒక కీర్తన పాడడం అలవాటు. ఈసారి కీర్తన పాడనంది. సొంతంగా తెలుగులో రాప్ రాసిందట, అదే పాడుతుందట.

కాగితం తీసుకుని చదివాను. అందులో ఒక పచ్చి బూతు ఉంది. అపార్ట్‌మెంట్ గురించి, మా ఇంటి గురించి కూడా ఏవో లైన్లు ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు తెలిసి ఈ రాప్, హిప్ హాప్ అంటే తుపాకులు, మెడలో గొలుసులు, ఆడవాళ్లను నానా మాటలు అనడం. ఎక్కడో అమెరికా గొడవ ఉగాది వేదిక మీదికి ఎందుకు? అదే అన్నాను. మూడు రోజులుగా పిల్ల నాతో మాట్లాడడం లేదు.

మీ ఇళ్లలో ఇలాంటిది వస్తే ఏం చేశారు? కమిటీకి పేర్లు ఇవ్వడానికి ఇంకా పది రోజులే ఉంది.

మదనపల్లి_టమాటా
పీయూసీ చదువుతూ పాట రాసే తీరిక దొరికిందంటే ముందు ఆ పిల్లకు దండం పెట్టాలి. మావాడికి ల్యాబ్ రికార్డు రాయడానికే టైమ్ చాలదు.

ఫిల్టర్_కాఫీ_మూర్తి
వద్దనండి. ఇందులో ఆలోచించడానికేముంది? నేను మా లేఅవుట్ తెలుగు సంఘంలో పన్నెండేళ్లుగా ఉన్నాను. ఒక్కసారి సినిమా పాటలకు వేదిక ఇచ్చాం, మరుసటి ఏడాది పద్యం పాడే పిల్లలు లేరు. సంవత్సరానికి ఒక్క రోజు తెలుగు వినడానికి వస్తాం. ఆ రోజు కూడా 'యో యో' వినాలా? ఇక బూతంటారా, ముసలివాళ్లు ముందు వరసలో కూర్చుంటారు సార్.

బీట్_బాబ్జీ
మూర్తి గారూ, 'యో యో' దగ్గరే ఆగిపోతే ఎలా అండి. హిప్ హాప్ పుట్టిన రోజుగా అందరూ చెప్పుకునేది 1973 ఆగస్టు 11. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అనే అపార్ట్‌మెంట్, కింద ఉన్న రిక్రియేషన్ రూములో పార్టీ. పెట్టింది సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి. బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలని. రికార్డులు వేసింది వాళ్ల అన్న, కూల్ హెర్క్, జమైకా నుంచి వలస వచ్చిన కుర్రాడు. పాటలో గొంతు ఆగి వట్టి డ్రమ్ము దరువు వచ్చే ముక్కను రెండు ప్లేయర్ల మీద మార్చి మార్చి వేసి సాగదీశాడు. ఆ దరువు మీద మైకు పట్టుకుని మాట్లాడడంలోంచే మెల్లగా రాప్ వచ్చింది.

అంటే పుట్టిందే అపార్ట్‌మెంట్ ఫంక్షన్ హాల్లో అన్నా! మీ క్లబ్‌హౌస్‌కు దగ్గర చుట్టమే.

తుపాకులు, గొలుసులు తర్వాత సంగతి. 1982లో వచ్చిన 'ద మెసేజ్' వినండి. పగిలిన గాజు, ఎలుకలు, అప్పులవాళ్లు. తన వీధి ఎలా ఉందో చెప్పడమే ఆ పాట పని. 2018లో రాపర్ కెండ్రిక్ లామార్‌కు సంగీతంలో పులిట్జర్ బహుమతి ఇచ్చారు. అప్పటిదాకా అది శాస్త్రీయ సంగీతానికో, జాజ్‌కో తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. మన బెంగళూరులోనే ఉండే రాపర్ హనుమాన్‌కైండ్ 2024లో 'బిగ్ డాగ్స్'తో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల జాబితాలోకి ఎక్కాడు. ఎక్కడో గొడవ కాదు, మన పక్క వీధిదే.

సుగుణ_హెచ్‌ఎస్‌ఆర్
బాబ్జీ చెప్పినదంతా నిజమే. కానీ ఒంగోలు గారి భయాన్ని అలా తీసిపారేయలేను. నాకు ఇద్దరు మగపిల్లలు. కార్లో వాళ్లు పెట్టే పాటలు వింటాను కదా. ఆడదాన్ని కుక్క పేరుతో పిలవడం మామూలు మాట అయిపోయింది. మన భాషల్లో వచ్చేవి మాత్రం తక్కువా? బాటిలు, బండి, అమ్మాయి, మూడూ ఒకే లెక్క. 'అది వీధి భాష, కళ' అంటే నేను ఒప్పుకోను. ఆ వీధిలో ఆడవాళ్లు కూడా ఉంటారు. పన్నెండేళ్ల కుర్రాడు ఆ మాటను కళ అని విడదీసి వినడు, అలవాటుగా నేర్చుకుంటాడు. మా చిన్నవాడు ఒకరోజు వరసకు అక్క అయ్యే అమ్మాయిని అదే మాట అన్నాడు. ఇంట్లో రెండు రోజులు పాటలు బంద్.

బీట్_బాబ్జీ
సుగుణక్కా, దీని మీద మీతో వాదించను. ఆ తప్పు ఉంది, చాలా ఉంది. కాకపోతే దానికి గట్టి జవాబు కూడా రాప్‌లోంచే వచ్చింది. క్వీన్ లతీఫా అనే రాపర్ 1993లో 'యూనిటీ' పాటలో సరిగ్గా ఆ మాటనే పట్టుకుని 'ఎవర్ని అంటున్నావ్' అని నిలదీసింది. ఆ పాటకు గ్రామీ వచ్చింది.

సుగుణ_హెచ్‌ఎస్‌ఆర్
విన్నాను, సాయంత్రం పిల్లలకూ వినిపించాను. బాగుంది. అయినా నా మాట మీదే ఉన్నాను. ఒక జవాబుకు వంద బూతు పాటలు.

పద్యం_మాస్టారు
తెలుగు పంతులుగా పని చేసి రిటైరయ్యాను, ఇప్పుడు అబ్బాయి దగ్గర జయనగర్‌లో ఉంటున్నాను. రాప్ నాకు అంతగా తెలియదు. బూతు గురించి, సంస్కృతి గురించి మాత్రం ఒక మాట చెప్పాలి.

ముద్దుపళని 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో 'రాధికా సాంత్వనము' రాసింది. శృంగారంలో ఆడదాని కోరికను ఆడదే చెప్పిన కావ్యం. 19వ శతాబ్దంలో దాన్ని కత్తిరించి అచ్చువేశారు. పెద్ద పెద్ద సంస్కర్తలే ఆమెను తిట్టారు. బెంగళూరు నాగరత్నమ్మ, అవును, తిరువయ్యారులో త్యాగరాజస్వామికి గుడి కట్టించిన ఆ నాగరత్నమ్మే, రాతప్రతి సంపాదించి 1910లో మద్రాసు వావిళ్ల వారి ద్వారా పూర్తి పాఠం అచ్చు వేయించింది. మగకవులు ఇంతకన్నా పచ్చిగా రాస్తే లేని అభ్యంతరం దీనికెందుకు అని ముందుమాటలో అడిగింది. బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది, పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం వచ్చాక గాని ఆ నిషేధం పోలేదు.

త్యాగరాజ ఆరాధననూ ఈ పుస్తకాన్నీ కాపాడింది ఒక్క మనిషే. కాబట్టి మూర్తి గారూ, కీర్తన ఒకవైపు, బూతు ఒకవైపు అని గీత గీయడం మీరనుకున్నంత తేలిక కాదు.

ఫిల్టర్_కాఫీ_మూర్తి
మాస్టారూ, మీ మీద గౌరవం ఉంది. కానీ ప్రబంధ శృంగారం వేరు, రోడ్డు మీద తిట్టు వేరు.

పద్యం_మాస్టారు
వేరే. అందుకే ముందు ఆ తిట్టు ఎక్కడుందో, ఎందుకుందో చూడాలంటాను. పాట చూడకుండా తీర్పు చెప్పేస్తున్నాం.

బీట్_బాబ్జీ
మాస్టారి కథకు అమెరికాలో తోడు ఉంది. 2 లైవ్ క్రూ అనే బృందం ఆల్బమ్‌ను 1990లో ఫ్లోరిడాలో ఫెడరల్ జడ్జి అశ్లీలమన్నాడు. అమ్మినందుకు ఒక దుకాణదారుణ్ని అరెస్టు చేశారు. 1992లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. సుగుణక్క చెప్పినట్టు ఆ పాటలు ఆడవాళ్ల విషయంలో నిజంగానే దరిద్రంగా ఉంటాయి, నేను వాటిని మెచ్చుకోవడం లేదు. నచ్చకపోవడం వేరు, పోలీసులను పంపడం వేరు.

పెరంబూరు_పిల్ల
చెన్నై నుంచి రాస్తున్నాను. మా తాత సూళ్లూరుపేట నుంచి వచ్చి ఇక్కడ మిల్లులో పని చేశాడు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మా వీధిలో ఎవరైనా చనిపోతే రాత్రంతా గానా పాడేవాళ్లు. చనిపోయినవాడి మంచి, అల్లరి, ఎవరెవరి దగ్గర అప్పు చేశాడో కూడా పాటలో వచ్చేది. నా చిన్నప్పుడు చదువుకున్నవాళ్లు దాన్ని 'రౌడీ పాట' అనేవాళ్లు. మా అమ్మే నన్ను కిటికీ మూసేయమనేది.

2018 జనవరిలో కిల్పాక్‌లో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే సంగీత బృందం మొదటి కచేరీ జరిగింది. ఆ గానా వాళ్లూ రాప్ వాళ్లూ రాక్ వాళ్లూ ఒకే వేదిక మీద. సూట్లు వేసుకుని నిలబడ్డారు. వేల మంది. కులం గురించి, రిజర్వేషన్ గురించి, గొడ్డు మాంసం గురించి పాడారు. కిటికీ మూసుకుని విన్న దరువు అంత పెద్ద స్పీకర్లలో వింటే ఏడుపొచ్చింది నాకు.

వాళ్లలో ఒకడైన అరివు తర్వాత 2021లో 'ఎంజాయ్ ఎంజామి' రాశాడు. పెళ్లిళ్లలో అందరూ డాన్స్ చేస్తారు దానికి. అందులో ఉన్నది శ్రీలంక టీ తోటల్లో చాకిరీ చేసి, తిరిగొచ్చి, చెట్లు నాటి కూడా సెంటు భూమి లేకుండా మిగిలిన వాళ్ల కథ. వాళ్ల అవ్వ పేరు వళ్లియమ్మాళ్ అందులోనే ఉంది. మా ఇంట్లో ఈ మాట చెప్పేదాకా ఎవరికీ తెలియదు. దరువు బాగుందని ఆడేశారు.

ఒంగోలు గారూ, పాట ఇక్కడ పెట్టండి.

మదనపల్లి_టమాటా
అవునన్నా, పెట్టండి. ఇరవై పోస్టులు కొట్టుకునే బదులు రెండు నిమిషాల్లో చదివేస్తాం.

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
అమ్మాయిని అడిగాను. 'పెట్టుకో' అంది. మూడు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అదే. బూతు ఉన్నచోట చుక్కలు పెట్టాను.

ముందు లిఫ్టు మాది, వెనక లిఫ్టు నీది
పద్నాలుగు అంతస్తుల నిలువునా వెలివీధి
గేటు కాడ తాత మీద వాన, గొడుగు కింద కారు
ఒక్క నిమిషం లేటయ్యిందని '.....' అన్నారు సారు

బీట్_బాబ్జీ
నిలువునా వెలివీధి! అన్నా, నేను నాలుగేళ్లుగా రాస్తున్నా, ఇలాంటి లైను ఒక్కటి పడలేదు నాకు.

పద్యం_మాస్టారు
బాబ్జీ అన్నది నిజం. ఊళ్లో వెలివాడ అడ్డంగా, ఊరి చివర ఉంటుంది. ఈ పిల్ల దాన్ని లేపి నిలబెట్టింది. ఒక్క మాటలో లిఫ్టు కనబడింది, ఊరూ కనబడింది.

సుగుణ_హెచ్‌ఎస్‌ఆర్
ఒక ప్రశ్న. ఆ చుక్కల మాట పిల్ల అన్నదా, సారు అన్నాడా?

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
సారే. మా గేటు దగ్గర నిజంగా జరిగింది. బూమ్ బారియర్ ఎత్తడం ఆలస్యమైందని ఒక పెద్దాయన కారు అద్దం దించి అరవై దాటిన సెక్యూరిటీ గార్డును తల్లి పేరు పెట్టి తిట్టాడు. మా అమ్మాయి అప్పుడు ట్యూషన్ నుంచి వస్తోంది. ఆయన మా కార్యక్రమం కమిటీలోనే ఉన్నారు.

సుగుణ_హెచ్‌ఎస్‌ఆర్
అయితే నా అభ్యంతరం ఈ పాటకు వర్తించదు. ఆ మాట ముందు వరసలో కూర్చునే పెద్దాయనది. పిల్ల తిరిగి వినిపిస్తోంది, అంతే.

ఫిల్టర్_కాఫీ_మూర్తి
అలాగని మైకులో ఆ మాట అంటారా అమ్మా? తిట్టినవాడిది తప్పే. కాదనను. ఆ గార్డు కూడా హాల్లోనే ఉంటాడు కదా, అంతమంది ముందు ఆ మాట మళ్లీ వింటే ఆయనకు ఎలా ఉంటుంది?

బీట్_బాబ్జీ
మూర్తి గారూ, ఇది మంచి ప్రశ్న, నాకు తట్టలేదు. ఆ మాట దగ్గర బీటు ఆపేసి ఒక్క క్షణం మౌనంగా ఉంటే? అందరికీ అర్థమవుతుంది, ఎవరూ వినక్కర్లేదు.

రాప్‌లో ఎప్పుడూ ఉన్న చిక్కే ఇది. పాటలో వచ్చే మాటంతా రాసినవాడి సొంత మాటే అనుకుంటారు. అమెరికాలో ప్రాసిక్యూటర్లు పాటల్లో లైన్లను నేరానికి సాక్ష్యంగా కోర్టులో చదివారు. అది అలవాటైపోయి చివరికి 2022లో కాలిఫోర్నియా దాన్ని కట్టడి చేస్తూ చట్టమే చేయాల్సి వచ్చింది.

పెరంబూరు_పిల్ల
ఒంగోలు గారూ, 'మా ఇంటి గురించి ఏవో లైన్లు' అని మొదటి పోస్టులో అన్నారు. పైన పెట్టినవన్నీ గేటు దాకానే ఉన్నాయి.

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
సరే. మిగతా నాలుగు.

అంట్లన్నీ నువ్వే తోమితే అంటలేదే మైల
నీ గ్లాసు మా గూట్లో పెడితే అంటుకునేది ఎలా?
పేపర్ చదివి సమానత్వం నాన్న రోజూ అంటాడు
కిటికీ మీది గ్లాసు కాడ చూపు తిప్పుకుంటాడు

మదనపల్లి_టమాటా
అన్నా.

పద్యం_మాస్టారు
అంట్లు, అంటడం, అంటుకోవడం, అంటాడు. 'అంటు' అన్న మాటను నాలుగు లైన్లలో నాలుగు రకాలుగా తిప్పింది, ఒక్కటీ బలవంతంగా లేదు. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి అంటాడు, ఉంటాడు, తింటాడు అని అంత్యప్రాస వద్దన్నా పడిపోతుంది. అందుకే అది చవక. ఈ పిల్ల చివరి రెండు లైన్లలో ఆ చవక ప్రాస వాడినా దాని మీదే ఆధారపడలేదు, అసలు పని లైను లోపలే చేసేసింది. ఏడేళ్ల సంగీతం ఎక్కడికీ పోలేదండీ. అందులోంచే ఇది వచ్చింది.

రాతి బసవడికి మొక్కి, నడిచే ఎద్దును గుద్దేవాళ్లను చూసి వేమన అడిగింది కూడా ఇలాంటి ప్రశ్నే. ఆయన్ను మనం బడిలో చదువుకుంటున్నాం.

ఆర్టీనగర్_రమణ
ఇంటి విషయం ఇంట్లో చెప్పాలి. నలుగురిలో తండ్రి పరువు తీయడం ఏం కళ? నా కూతురైతే ఊరుకునేవాణ్ని కాదు.

ఫిల్టర్_కాఫీ_మూర్తి
గ్లాసు సంగతిలో శుభ్రత కూడా ఉంటుంది కదా. అందరూ కులం దృష్టితోనే పెట్టరు.

కేఆర్‌పురం_కుర్రోడు
ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ.

మాది గౌరిబిదనూరు వైపు. మా అమ్మ పదహారేళ్లుగా అపార్ట్‌మెంట్లలో పని చేస్తోంది, రోజుకు నాలుగిళ్లు. ఆమె చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న స్టీలు గ్లాసు ఉంటుంది. చిన్నప్పుడు ఎందుకమ్మా అని అడిగితే 'నాకు దీంట్లో తాగితేనే కాఫీ రుచి' అనేది. నమ్మాను. డిగ్రీ మూడో ఏడులో అసలు సంగతి తెలిసింది. వాళ్లు విడిగా పెట్టిన గ్లాసు అందుకోవడం ఇష్టం లేక ఆమే సొంతది పట్టుకెళ్లేది. ఆ మాట కూడా ఆమె చెప్పలేదు, మా పిన్ని చెప్పింది.

మూర్తి గారూ, శుభ్రత అన్నారు. ఆ ఇంట్లో మిగిలిన గ్లాసులన్నీ కడిగేది మా అమ్మే కదండీ.

రమణ గారూ, ఇంట్లో చెప్పాలన్నారు. ఆ అమ్మాయి ఇంట్లో చెప్పి ఉండదా? మూడేళ్లు చెప్పి, వినకపోతే రాసి ఉంటుంది. నాకు హిప్ హాప్ ఎందుకిష్టం అంటే, అందులో మనిషి తన వీధి పేరు, ఇంటి నంబరు, అమ్మ పేరు పెట్టి మాట్లాడతాడు. సినిమా పాటలో పేదవాడు అంటే ఎవడో ఒక పేదవాడు. రాప్‌లో ఫలానా మనిషి. నేను ఈ మాటలు ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఆ ఎనిమిది లైన్లు చదివాక అనగలిగాను.

బీట్_బాబ్జీ
తమ్ముడూ, నీ పోస్టు మూడుసార్లు చదివా.

ఫిల్టర్_కాఫీ_మూర్తి
బాబూ, నీ మాటకు నా దగ్గర జవాబు లేదు. శుభ్రత అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వేదిక విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఉగాది ఒక్కరోజు కొట్లాట లేకుండా ఉండాలనిపిస్తుంది.

పెరంబూరు_పిల్ల
ఉగాది పచ్చడిలో వేపపువ్వు కూడా వేస్తాం కదండీ.

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
కేఆర్‌పురం తమ్ముడూ, నువ్వన్నది నిజం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి నుంచి అడుగుతోంది. 'మీ అమ్మను అడుగు' అనేవాణ్ని. వాళ్లమ్మ 'మీ నానమ్మ బాధపడుతుంది' అనేది. నానమ్మ పోయి రెండేళ్లయింది, గ్లాసు అక్కడే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనిది బూతు వల్ల కాదు. మొదటి పోస్టులో బూతు అని రాశాను, అది రాయడం తేలిక కాబట్టి.

పేరు ఇచ్చేశాను కమిటీకి.

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
ఉగాది అయింది. చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు, అందుకే రాస్తున్నాను.

కమిటీ పాట రాతప్రతి అడిగింది. చదివాక 'టైమ్ సరిపోదు' అన్నారు. నేను వెళ్లి గట్టిగానే మాట్లాడాను, కుదరలేదు. భోజనాలయ్యాక పిల్లలంతా బేస్‌మెంట్ పార్కింగ్‌లో చిన్న స్పీకర్ పెట్టుకుని పాడించుకున్నారు. ముప్పై మంది ఉంటారు. ఆ మాట దగ్గర బాబ్జీ చెప్పినట్టు బీటు ఆపేసింది. గార్డు తాత దూరంగా పిల్లర్ పక్కన నిలబడి విన్నాడు. తర్వాత ఏమీ అనలేదు, అమ్మాయి నెత్తి మీద చెయ్యి పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు.

గ్లాసు సంగతి. పండగ ముందు రోజు మా ఆవిడ దాన్ని కిటికీ మీది నుంచి తీసి గూట్లో అన్నిటితో కలిపి పెట్టింది. మా పనావిడ చింతామణి నుంచి వచ్చినావిడ, తెలుగే మాట్లాడుతుంది. వచ్చి కిటికీ చూసి 'నా గ్లాసేదమ్మా, పగిలిందా' అని అడిగింది. గూట్లో ఉందని చూపిస్తే తీసుకుని, కాఫీ తాగి, కడిగి, మళ్లీ కిటికీ మీదే పెట్టింది. రోజూ అంతే. మేం గూట్లో పెడతాం, ఆమె కిటికీ మీద పెడుతుంది. ఏం చేయాలో మాకు తెలియడం లేదు.

కేఆర్‌పురం_కుర్రోడు
మీరూ ఆమె ముందు అదే గూట్లోవి తీసి, పక్కన కూర్చుని తాగండి. చాలా రోజులు పడుతుంది. తొందరపెట్టకండి, మొహమాటపడిపోతుంది.

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
అలాగే. అమ్మాయి ఇప్పుడు దీని మీద రెండో చరణం రాస్తోంది. చూపించమంటే ఇంకా అవ్వలేదంది.

బీట్_బాబ్జీ
బీటు నేను చేసి పంపిస్తా. స్పీడు ఎంత, నిమిషానికి ఎన్ని దరువులు కావాలో అడగండి.

ఒంగోలు_వైట్‌ఫీల్డ్
తొంభై అట.